గోడమీది చుక్క

మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో కకైయా అనే చిన్న గ్రామం ఉన్నది. 1930 ప్రాంతంలో ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒక బాలుడు చదువుకుంటూ ఉండేవాడు. చదువుకుంటూ ఉండేవాడనడం మాటవరసకే. పుస్తకం ముందుంటే చూపు చెట్లమీద, పలక చేతిలో ఉంటే మనసు అడవిలో ఉండేది. పాఠం చెప్పే నందలాల్ ఝారియా అనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాణ్ని దండించలేదు. వరండాలో నేలమీద కూర్చోబెట్టి, తెల్లని గోడమీద ఒక చుక్క పెట్టి, మిగిలినదంతా మరచి దానినే చూస్తూ ఉండమని చెప్పి వెళ్లిపోయాడు. మొదట ఆ బాలుడికి ఏమీ అర్థం కాలేదు. కొంతసేపటికి గోడ కనిపించడం మానివేసింది. చుక్క ఒక్కటే మిగిలింది.

ఆ బాలుడే సయ్యద్ హైదర్ రజా. 2023 ఫిబ్రవరి 15 నుంచి మే 15 వరకు మూడు నెలలపాటు పారిస్‌లోని పాంపిడూ కేంద్రంలో ఆయన ఏకవ్యక్తి ప్రదర్శన జరిగింది. ఫ్రాన్సు జాతీయ ఆధునిక కళా మ్యూజియం ఉన్న భవనం అది. అందులో వందకు దగ్గరగా రజా చిత్రాలను గోడలకెక్కించారు. 1940లలో బొంబాయిలో వేసిన నీటిరంగుల దృశ్యాలు మొదలుకొని వార్ధక్యంలో వేసిన బిందువుల వరకు ఒక జీవితకాలపు కృషి అంతా ఒకేచోట కనిపించింది. 1950లో ఫ్రాన్సుకు వెళ్లి అక్కడే అరవై ఏళ్లు నివసించిన చిత్రకారునికి, ఆ దేశపు ప్రభుత్వ మ్యూజియంలో ఇంత విస్తృతమైన ప్రదర్శన అంతకుముందు జరగలేదు. అది జరిగేనాటికి ఆయన మరణించి ఆరేళ్లు దాటింది. పుట్టి నూరేళ్లు నిండి ఒక ఏడాది అయింది. ఆలస్యమనే అనాలి.

రజా చిత్రాలను మొదటిసారి చూసే సామాన్య ప్రేక్షకుడు ఒక మాట అనకుండా ఉండలేడు: “ఇందులో ఏమున్నది? ఒక నల్లని గుండ్రం, చుట్టూ నాలుగు రంగులు. ఇంతేనా?” ఈ ప్రశ్న అజ్ఞానమని కొట్టివేయవలసినది కాదు. నైరూప్య చిత్రకళ ఎదుట ఈ ప్రశ్న పుట్టకపోతేనే ఆశ్చర్యపడాలి. మనిషి, చెట్టు, ఏరు, గుడి ఉన్న చిత్రంలో కంటికి పట్టు దొరుకుతుంది. రూపాన్ని తీసివేసిన తరువాత చూపు దేన్ని పట్టుకొని నిలవాలి? దీనికి మాటలతో చెప్పిన సమాధానాలు చాలావరకు చిత్రాలకంటె కష్టంగా ఉంటాయి. పారిస్ ప్రదర్శన చేసిన మేలు ఏమిటంటే, సమాధానాన్ని చిత్రాలచేతనే చెప్పించింది. మొదటి గదిలో ఉన్న ఇళ్లు, వీధులు, చెట్లు ఎక్కడ కరిగిపోయాయో, కరిగినవాటిలోంచి ఆ చుక్క ఎలా పైకి తేలిందో అడుగడుగునా చూసుకుంటూ నడిచినవారికి, చివరి గదిలోని నల్లని గుండ్రం ఉత్త గుండ్రంగా కనిపించే అవకాశం తక్కువ.

తెలుగువారికి ఈ విషయం అంత అపరిచితమైనది కాకూడదు. తెల్లవారుజామున కళ్లాపి చల్లిన వాకిట్లో ముగ్గు వేసే ఇల్లాలు మొట్టమొదట చేసే పని చుక్కలు పెట్టడం. గీతలు తరువాత వస్తాయి. పద్మమో, తేరో, శంఖమో అటుతరువాత రూపు కడుతుంది. చుక్క తప్పితే ముగ్గంతా తప్పుతుంది. రజా చేసినది ఇందుకు తలక్రిందులైన ప్రయాణం. ఆయన పద్మాలతో, తేరులతో మొదలుపెట్టి, గీతలన్నీ ఒక్కొక్కటిగా చెరుపుకుంటూ చుక్క దగ్గరకు వచ్చారు. అందుకు సుమారు నలభై ఏళ్లు పట్టింది.

ఆయన 1922 ఫిబ్రవరి 22న మండ్లా జిల్లాలోని బబరియా గ్రామంలో జన్మించారు. తండ్రి అటవీశాఖలో డిప్యూటీ రేంజరు. అందువల్ల కుటుంబం అడవి అంచునున్న పల్లెల్లో కాపురముండేది. నర్మద ఆ ప్రాంతంలోనే పారుతుంది. ఇప్పటి మాటల్లో అదంతా ప్రకృతి సౌందర్యం. ఆనాటి పసివాడికి మాత్రం భయం. దీపం లేని అడవి రాత్రులు, ఎక్కడినుంచో వినవచ్చే మృగాల అరుపులు, ఆకుల కదలిక, కంటికి ఏమీ ఆనని చీకటి తనను ఎంతగా వణికించేవో ఆయన వృద్ధాప్యంలో సైతం చెప్పేవారు. ఆ చీకట్లో మనుషులున్నారన్న ధైర్యం కొన్నిసార్లు గోండుల నృత్యాలవల్ల మాత్రమే కలిగేదట. తెల్లవారితే భయం పోయేది. సంతరోజున ఎండలో మెరిసే రంగులన్నీ ఒక్కసారిగా కళ్లముందుకు వచ్చేవి.

ఈ రెండింటినీ గుర్తు పెట్టుకున్న ప్రేక్షకునికి రజా చిత్రాల్లో సగం అర్థమవుతుంది. నడుమనున్న నలుపు ఆ రాత్రి. దాని చుట్టూ మండే ఎరుపు, పసుపు, కాషాయం ఆ పగలు. సంస్కృత పదాలు, తాత్త్విక వ్యాఖ్యానాలు ఆ తరువాత వచ్చి చేరినవి. ముందుగా ఉన్నది అడవిలోని పిల్లవాని అనుభవం. నలుపును ఆయన రంగులన్నిటికీ తల్లిగా భావించారు. భయపెట్టిన చీకటినే తల్లిగా చేసుకోవడానికి మనిషికి ఎంతకాలం పడుతుందో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది.

నాగపూర్ చిత్రకళా పాఠశాలలో, అటుపిమ్మట బొంబాయి జె.జె. కళాశాలలో ఆయన శిక్షణ పొందారు. 1947లో సూజా, ఆరా, హుసేన్, గాడే, బాక్రేలతో కలిసి ప్రగతిశీల చిత్రకారుల బృందాన్ని ఏర్పాటు చేశారు. ఆ బృందం చరిత్ర చాలామంది వ్రాశారు, ఇక్కడ విస్తరించనవసరం లేదు. చెప్పవలసినది ఆ సంవత్సరమే ఆయన ఇంట జరిగినది. 1947లో తల్లి మరణించింది; 1948లో మండ్లాలో తండ్రి పోయాడు. దేశవిభజన జరిగింది. నలుగురు సోదరులు, సోదరి పాకిస్తానుకు తరలిపోయారు. రజా వెళ్లలేదు. బాల్యంలో మండ్లాకు వచ్చిన గాంధీజీని తాను చూశాననీ, ఆ దేశాన్ని విడిచిపెట్టడం ఆ మహాత్మునికి ద్రోహం చేయడమే అవుతుందని తోచిందనీ ఆయన తరువాతి కాలంలో సన్నిహితులకు చెప్పుకున్నారు. ఇరవై ఆరేళ్ల వయసుకు ఇంటిలో తనవారంటూ ఎవరూ లేకుండా పోయిన ఆ యువకుడు ఇళ్లనూ, ఊళ్లనూ చిత్రించడంలో తలమునకలు కావడం యాదృచ్ఛికమనుకోవడం కష్టం.

1948లో కాశ్మీరులో ఆయన వేసిన దృశ్యాలను ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్తియే-బ్రెసాన్ చూశాడు. ప్రతిభ ఉన్నది గాని నిర్మాణం లేదన్నది ఆయన తీర్పు. ఇల్లు కట్టడానికి పునాది, గోడ, కప్పు ఎలాగో చిత్రానికి నిర్మాణం అలాగనీ, అది తెలియాలంటే సెజాన్ చిత్రాలను చదవాలనీ సలహా చెప్పాడు. ముఖం మాడ్చుకోవలసిన విమర్శ అది. రజా మాత్రం ఫ్రెంచి భాష నేర్చుకోవడం మొదలుపెట్టి, ఫ్రెంచి ప్రభుత్వ విద్యార్థివేతనం సంపాదించి, 1950లో పారిస్ చేరుకున్నారు.

అక్కడ మొదటి సంవత్సరాల్లో వేసిన చిత్రాల్లో కొండమీద ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, వాటిపైన నల్లని సూర్యుడు కనిపిస్తాయి. ప్రతి గీత కత్తితో కోసినట్లు ఉంటుంది. మనుషులు ఉండరు. ఆ నల్లని సూర్యుడిని చూసి ఎవరైనా రాబోయే బిందువును ముందే పసిగట్టవచ్చు. అయితే వేసినవాడికే అది ఇంకా తెలియదు. క్రమంగా నూనెరంగులు దట్టంగా పులిమే పద్ధతి వచ్చింది. ఇళ్ల అంచులు చెదిరిపోయాయి. చెట్టు ఏదో, చర్చి గోపురం ఏదో విడదీయలేని స్థితి ఏర్పడింది. 1956లో పారిస్ విమర్శకుల బహుమతి ఆయనకు లభించింది. ఆ బహుమతి ఫ్రెంచివాడు కాని చిత్రకారునికి దక్కడం అదే మొదలు. 1959లో చిత్రకారిణి జానీన్ మోంజిలాను ఆయన వివాహం చేసుకున్నారు. దక్షిణ ఫ్రాన్సులోని గోర్బియో అనే కొండపల్లెలో ప్రతి సంవత్సరం కొంతకాలం గడిపేవారు. 1962లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి వెళ్లినప్పుడు మార్క్ రోత్కో చిత్రాలు ఆయనను నిలవేశాయి. రోత్కో కాన్వాసుమీద వస్తువులు లేవు, ఒకదాని ప్రక్కన ఒకటి ఊపిరి తీసుకునే రంగులు మాత్రమే ఉన్నాయి. రంగు తనంతట తానే మాట్లాడగలదన్న నమ్మకం రజాకు అక్కడ కుదిరింది.

కీర్తి వచ్చింది, చిత్రాలు అమ్ముడుపోతున్నాయి, చేయి తిరిగిన చిత్రకారుడన్న పేరు స్థిరపడింది. సరిగ్గా అప్పుడే తృప్తి పోయింది. తాను వేస్తున్నవి పారిస్‌లో మరెవరైనా వేయగలిగినవే కదా అన్న అనుమానం ఆయనను పట్టుకున్నది. అరవైల చివర, డెబ్బైలలో తరచుగా భారతదేశానికి వచ్చి అజంతా, ఎల్లోరా, కాశీ, రాజస్థాన్, గుజరాత్ ప్రాంతాలు తిరిగారు. జైన కల్పసూత్ర పత్రాల్లోని, రాజస్థానీ సూక్ష్మచిత్రాల్లోని రంగుల విభజనను గమనించారు. చట్రంలో చట్రం, గడిలో గడి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క కాలం. డెబ్బైలలో వేసిన ‘తపోవన్’, ‘లా తేర్’ వంటి చిత్రాల్లో భూమి ఉన్నది, రాత్రి ఉన్నది, చీకటిలో ఎర్రగా రగిలే నిప్పుకణికలు ఉన్నాయి. రూపం మాత్రం లేదు. ప్రకృతిని చూసి చిత్రించడం వేరు, ప్రకృతి తనలో మిగిల్చినదాన్ని చిత్రించడం వేరు. వేలమైళ్ల దూరంలో, ఫ్రాన్సులోని ఒక గదిలో కూర్చొని మండ్లా అడవిని వేయడమంటే రెండవదే సాధ్యం. ఆయన మొత్తం కృషిలో ఈ దశే అత్యున్నతమైనదని చెప్పడానికి ఆధారాలున్నాయి. ఇక్కడ చేతికి ఇంకా తెలియనిదేదో ఉన్నది. కుంచె వెదుకుతున్నది.

వెదికిన వస్తువు 1980 ప్రాంతంలో దొరికింది. కకైయా బడి గోడమీది చుక్క కాన్వాసుమీదికి వచ్చింది.

దూరంనుంచి చూస్తే రజా బిందువు ఒకే నల్లని ముద్దగా కనిపిస్తుంది. దగ్గరకు వెళితే అది అలాంటిది కాదని తెలుస్తుంది. చాలా చిత్రాల్లో నట్టనడుమ కటిక నలుపు. దాని చుట్టూ కొంచెం కొంచెంగా పలుచబడే నలుపు, బూడిద, మసక తెలుపు వలయాలు ఒకదాని వెంట ఒకటి ఉంటాయి. చెరువులో రాయి పడినప్పుడు లేచే అలలవలె చూపును అవి బయటికి త్రోస్తాయి, మళ్లీ లోపలికి లాగుతాయి. ఆ వలయాలను ఒక చతురస్రం బంధిస్తుంది. చతురస్రం మూలలనుంచి త్రిభుజాలు, అడ్డపట్టీలు, నిలువుగీతలు బయలుదేరుతాయి. నలుపు, తెలుపు, ఎరుపు, పసుపు, నీలం అనే అయిదు రంగులను పంచభూతాలతో ముడిపెట్టడం ఆయన కల్పించుకున్న వ్యాకరణం. అంకురం, సూర్యుడు, కుండలిని, ప్రకృతి-పురుషులు, నాగం అంటూ ఆ వ్యాకరణంతోనే ఆయన అనేక వాక్యాలు వ్రాశారు. విత్తనంలో చెట్టంతా ఉన్నట్లు బిందువులో సృష్టి అంతా ఉన్నదన్న భావం వాటన్నిటికీ మూలం.

1981లో వేసిన ‘మా’ ఈ వరుసలో ప్రత్యేకంగా పేర్కొనదగినది. మా అంటే అమ్మ. తిరిగి వచ్చేటప్పుడు తల్లికి ఏమి తీసుకువస్తానన్న బిడ్డ తలపోతను చెప్పే హిందీ కవి అశోక్ వాజపేయి కవితా పంక్తిని రజా ఆ చిత్రంలో దేవనాగరి లిపిలో వ్రాశారు. పారిస్‌లో దాన్ని చూసేవారిలో ఎక్కువమందికి అది చదవడం రాదు. రజాకు ఆ సంగతి తెలియక కాదు. అన్నీ చెరిపివేసుకుంటూ వచ్చిన చిత్రకారుడు అక్షరాన్ని మాత్రం ఉంచుకున్నాడు. తల్లిని 1947లో పోగొట్టుకొని, మూడేళ్లకు దేశం దాటిన కుమారుడు ముప్ఫై ఏళ్ల తరువాత ఇంటికి వ్రాసిన ఉత్తరమది.

ఇందులో ఆధ్యాత్మికత ఏపాటిది అన్న ప్రశ్న తరచుగా వస్తుంది. ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు బిందువు, కుండలిని అనడమేమిటని ఇరువైపులనుంచీ సందేహించినవారు లేకపోలేదు. రజా ఏనాడూ మతం మారలేదు, మారవలసిన అవసరమూ ఆయనకు కనిపించలేదు. మసీదుకూ, మందిరానికీ, చర్చికీ ఒకే భావంతో వెళ్లేవారని ఆయనను ఎరిగినవారు చెబుతారు. ఆయన అన్వేషించినది పూజావిధానం కాదు, ఏకాగ్రత. పసితనంలో గురువు నేర్పినది కూడా అదే.

ఆ కాలంలో తంత్రశాస్త్రపు చిహ్నాలను చిత్రకళలోకి తెచ్చిన భారతీయులు మరికొందరున్నారు. బీరేన్ డే, జి.ఆర్. సంతోష్ వారిలో ప్రముఖులు. కరీంనగర్ జిల్లాలో పుట్టి జె.జె. కళాశాలలోనే రజాకంటె ముందు చదువుకొని, ప్రగతిశీల బృందానికంటె ముందుగా 1941లో బొంబాయిలో సమకాలీన చిత్రకారుల బృందాన్ని నిర్మించిన పి.టి. రెడ్డి కూడా హైదరాబాదులో స్థిరపడిన తరువాత, డెబ్బైలలో ఈ మార్గంలో విరివిగా కృషి చేశారు. రెడ్డి చిత్రాల్లో తాంత్రిక చిహ్నాలు నిండుగా, కిక్కిరిసి ఉంటాయి. రజా దాదాపు అన్నిటినీ వదిలి ఒక్కటి ఉంచుకున్నారు. తనను తాంత్రిక చిత్రకారుల జాబితాలో చేర్చడం ఆయనకు ఇష్టముండేది కాదు. పి.టి. రెడ్డి కృషిని కూడా ఇటువంటి వరుసక్రమంలో, ఇంత విశాలమైన గదుల్లో చూసుకోవలసిన అవసరం తెలుగువారికి ఉన్నదన్న మాట ఇక్కడ అప్రస్తుతం కాదు.

ఒకే బిందువును మూడు దశాబ్దాలు వేయడంలో ఉన్న ప్రమాదాన్ని కూడా చెప్పుకోవాలి. మంత్రాన్ని జపించేవాడు దాన్నే వేయిసార్లు అంటాడు. అది దోషం కాదని రజా వాదన. మాట నిజమే. కాని జపంలో మనసు తప్పినప్పుడు పెదవులు మాత్రమే కదులుతాయి. ఆయన చివరి ఇరవై ఏళ్ల చిత్రాలన్నిటిలోనూ మనసు ఉన్నదని అనలేము. కొన్నింటిలో గీత తీర్చినట్లున్నది, రంగు శుభ్రంగా ఉన్నది, రాత్రి లేదు. అడవి లేదు. సంత రంగులు సంత సరుకైన సందర్భాలు ఉన్నాయి.

సరుకు కావడానికి గిరాకీ కూడా తోడైంది. 1983 నాటి ‘సౌరాష్ట్ర’ 2010లో లండన్ వేలంలో సుమారు 16 కోట్ల 40 లక్షల రూపాయలకు అమ్ముడుపోయింది. 1989 నాటి ‘జెస్టేషన్’ 2023 ఆగస్టులో, పారిస్ ప్రదర్శన ముగిసిన మూడు నెలలకు, ముంబయి వేలంలో 51 కోట్ల 75 లక్షలు పలికింది. ఇంత ధర ఉన్న వస్తువుకు నకలు పుట్టకుండా ఉండదు. 2009 జనవరిలో ఢిల్లీలో తన చిత్రాల ప్రదర్శనను ప్రారంభించడానికి వచ్చిన రజా, గోడలమీదివి చాలావరకు తాను వేసినవి కావని గుర్తించి నిర్ఘాంతపోయారు. ప్రదర్శన మూతపడింది. ఎనభై ఆరేళ్ల వృద్ధుడు తన పేరుతో ఉన్న చిత్రాల ముందు నిలబడి ఇవి నావి కావని చెప్పవలసి రావడం కంటె విషాదం ఏమున్నది? చుక్క పెట్టడం ఎవరికైనా చేతనవుతుందని అనుకున్నవారు చేసిన పని అది.

2002లో జానీన్ కన్నుమూశారు. 2010 చివర రజా పారిస్ నివాసాన్ని చాలించి ఢిల్లీ చేరుకున్నారు. అప్పటికి వయసు ఎనభై ఎనిమిది. 2001లో తన ఆర్జనతో నెలకొల్పిన రజా ఫౌండేషన్ యువ చిత్రకారులకూ, కవులకూ, సంగీత నృత్యకారులకూ అండగా నిలిచింది. పారిస్ ప్రదర్శనకు కూడా ఆ సంస్థ సహకారమున్నది. నడవడం కష్టమై చక్రాల కుర్చీకి పరిమితమైన తరువాత సైతం ఆయన కాన్వాసు ముందు కూర్చోవడం మానలేదు. 2013 ప్రాంతంలో గాంధీజీ స్మృతిగా కొన్ని చిత్రాలు వేశారు. వాటిలో గాంధీ రూపం ఉండదు. అదే సంవత్సరం పద్మవిభూషణ్ పురస్కారం వచ్చింది.

2016 జులై 23న ఢిల్లీలో ఆయన తుదిశ్వాస విడిచారు. ఆయన కోరిక ప్రకారం పార్థివదేహాన్ని మండ్లాకు తీసుకువెళ్లారు. నర్మద ఒడ్డున ఉన్న ఆ ఊరి శ్మశానవాటికలో, 1948లో మరణించిన తండ్రి సమాధి ప్రక్కనే ఆయనను ఖననం చేశారు.